మెతుకు ముట్టని మేనమామ

భవానీపురంలో బోరు మోటార్లు అమ్మే బసవపున్నయ్య దృష్టిలో తిండి అంటే అన్నం. అన్నం కానిదేదీ తిండి కింద లెక్క కాదు. పొద్దున్నే ఇడ్లీలు నేతిలో ముంచుకుని ఒక వాయి లాగించి, వాటి మీద ఉప్మా పెసరట్టు వేసుకుని, కాఫీ తాగి వచ్చి కొట్లో కూర్చునేవాడు. ఎవరైనా "భోజనం అయిందాండీ పున్నయ్య గారూ?" అంటే, "ఎక్కడండీ, పొద్దుట్నుంచీ కడుపులో మెతుకు పడలేదు" అని నీరసంగా చెప్పేవాడు. అబద్ధమాడుతున్నానని ఆయనకు ఏ కోశానా అనిపించేది కాదు. మనస్ఫూర్తిగా నమ్మి చెప్పేవాడు. అబద్ధాలకోరునైతే ఎప్పుడో ఒకప్పుడు నిలదీయొచ్చు, ఇలా నమ్మేవాణ్ణి ఏం చేస్తాం?

శనివారం రాత్రి ఆయనకు ఉపవాసం. వెంకటేశ్వరస్వామి పేరు చెప్పి అన్నం మానేస్తాడు. దాని బదులు పూరీలు, పూరీల్లోకి బంగాళాదుంప కూర, ఆపైన నాలుగు అరటిపళ్ళు, పడుకోబోయే ముందు గ్లాసుడు పాలు. ఆయన భార్య పద్మావతమ్మ వారంలో మిగతా రాత్రులన్నిటికంటే ఆ ఉపవాసపు రాత్రే ఎక్కువసేపు పొయ్యి దగ్గర నిలబడుతుంది. స్వామికి నోరు లేదు కాబట్టి ఇన్నేళ్ళుగా ఊరుకున్నాడు.

మైలవరం దగ్గర పల్లెలో, మాగాణి ఉన్న ఇంట్లో పుట్టాడు పున్నయ్య. వాళ్ళమ్మ "నా కొడుకు తింటుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. పిల్లాడు చదువులో మెరవలేదు, పొలంలోకి దిగలేదు. తినడంలో మాత్రం పేరు తెచ్చుకున్నాడు. పెళ్ళిళ్ళలో ఆయన పక్కన కూర్చుంటే తమకూ నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయని బంధువులు చోటు కోసం పోటీ పడేవాళ్ళు. పెద్దయ్యాక పొలాలకు బోర్లు పడ్డాయి, మోటార్ల వ్యాపారం కలిసొచ్చింది, బెజవాడలో అపార్ట్‌మెంటు వచ్చింది, ఆ అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్ష పదవి వచ్చింది. చొక్కా గుండీలు మాత్రం ఏడాదికోసారి జరపాల్సి వచ్చేది. మనిషి చెడ్డవాడేం కాదు. ఎవరికి కష్టమొచ్చినా ముందు పరిగెత్తేది ఆయనే. కాకపోతే చేసే సాయం కంటే చేసే చప్పుడు ఎక్కువ.

ఆయనకు ఒక్కతే చెల్లెలు, శ్రీదుర్గ. గన్నవరంలో కిరీటి అనే కాలేజీ లెక్చరరుకు ఇచ్చారు. ఒకే కూతురు సుస్మిత, ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. ఏ దురలవాటూ ఎరగని శ్రీదుర్గకు నలభై దాటగానే లివరు పాడైంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఎదురు తిరిగి లివరును తినేస్తోందని డాక్టర్లు చెప్పారు. మందులు పని చెయ్యడం మానేశాయి. సొంతవాళ్ళెవరైనా తమ లివర్లోంచి ముక్క ఇస్తే అతికిస్తామని, ఇచ్చినవాళ్ళకు అది మళ్ళీ పెరుగుతుందని అన్నారు. కిరీటికి అంతకుముందే గుండెపోటు వచ్చి ఉంది, ఆయన పనికిరాడు. రక్తం గ్రూపు కలిసినవాళ్ళు ఇద్దరే. అన్న పున్నయ్య, కూతురు సుస్మిత.

ఆసుపత్రి వరండాలో బంధువులందరూ ఉండగా పున్నయ్య గుండెల మీద చరుచుకున్నాడు. "నేనుండగా ఆ పిల్ల ఒంటి మీద కత్తి పడనిస్తానా? నా చెల్లెలికి ప్రాణమడిగినా ఇస్తాను. ముక్క ఒక లెక్కా!"

ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. మగవాళ్ళు భుజం తట్టారు. ఆ వరండాలో ఆ పూట పున్నయ్య అంతటివాడు లేడు.

లోపల మంచం మీద శ్రీదుర్గ కళ్ళు పచ్చబడిపోయి ఉన్నాయి. అన్న చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది. "నేను పోయినా ఫరవాలేదు అన్నయ్యా. సుస్మితను మాత్రం కోయించకు."

పెళ్ళి కావలసిన పిల్ల, రేపు నలుగురూ ఏమంటారోనన్న దిగులు అందులో కొంచెమే. మిగతాదంతా తల్లి భయం. తన చావు ఆమెను అంతగా కంగారు పెట్టలేదు. కూతురి పొట్ట మీద పడే కోత తలుచుకుంటేనే ఆమెకు నిద్ర పట్టడం లేదు.

"పిచ్చిదానా, ఆ మాటే వద్దు" అన్నాడు పున్నయ్య.

పరీక్షలు చేసి డాక్టరు పెదవి విరిచాడు. "మీ లివరుకు కొవ్వు బాగా పట్టేసిందండీ. ఇప్పుడు తీస్తే మీకు ప్రమాదం, ఆవిడకు పనికిరాదు. ఆవిడ మహా అయితే రెండు నెలలు ఆగగలరు. ఈలోగా మీరు కొవ్వు కరిగించుకోగలిగితే తీసుకుంటాం. దీనికి మందేం లేదు. తిండి మార్చుకోవాలి, నడవాలి."

తిండి సంగతి చెప్పడానికి సాయిశ్రీ అనే అమ్మాయి వచ్చింది. ఆసుపత్రిలో పోషకాహార నిపుణురాలు. బల్ల మీద ఒక పళ్ళెం బొమ్మ పరిచింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ దేశమంతటికీ కలిపి చెప్పిన ఆహార నియమాలవి. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, కొద్దిగా పళ్ళు. మిగతా సగంలోనే అన్నమో జొన్నరొట్టో, పప్పు, గుడ్డో చేపో, పెరుగు. నూనె, ఉప్పు, పంచదార బాగా తక్కువ. చిన్నపిల్లలకు చూపించినా అర్థమయ్యే బొమ్మ.

"అన్నం మీద అన్నం వేసుకోవడం తగ్గించి, కూర పెంచాలండీ..." అని ఆమె మొదలుపెట్టిందో లేదో పున్నయ్య చెయ్యెత్తి ఆపేశాడు.

"తగ్గించడమేంటమ్మా, నా చెల్లెలి కోసం పూర్తిగా మానేస్తాను. ఇవాళ్టి నుంచి మెతుకు ముడితే ఒట్టు."

"మానక్కర్లేదండీ. కప్పుడు తినండి. అసలు మీరు రోజంతా ఏమేం తింటారో..."

"అన్నానుగా, ఒట్టు!"

ఏం తింటే జనానికి మేలో శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి ఆలోచించి ఒక పళ్ళెం బొమ్మలోకి కుదించారు. దాన్ని పున్నయ్య అరనిమిషంలో ఒక్క మాటలోకి కుదించేశాడు. పైగా ఆ మాటను మొక్కుగా మార్చాడు. అక్కడే మునిగింది కొంప. మన మొక్కులకు మానేయడం తెలుసు. గుండు కొట్టించుకుని జుట్టు మానేస్తాం, కాశీకి పోయి వంకాయ మానేస్తాం. కొలుచుకుని తినడమన్నది మొక్కుల్లో లేదు. అందులో పేరు రాదు మరి. కప్పుడు అన్నం తిన్నవాడికి ఎవరు దణ్ణం పెడతారు?

సాయిశ్రీ మిగతాదంతా చెప్పింది. పున్నయ్య తలాడిస్తూ ఫోన్లో తన ఒట్టు సంగతి బావమరిదికి చెప్పుకుంటున్నాడు. పక్క కుర్చీలో కూర్చున్న సుస్మిత మాత్రం ఆ బొమ్మ వంక అలాగే చూస్తూ విన్నది.

మర్నాటి నుంచి మొదలైంది దీక్ష. అన్నం లేదు. మరి పళ్ళెంలో సగం కూరలుండాలన్నారు కదా! పున్నయ్య దాన్ని అక్షరాలా పాటించాడు. గోంగూర పచ్చడి వేయించుకున్నాడు, గోంగూర ఆకుకూర కాదూ? దోసావకాయ వేయించుకున్నాడు, దోసకాయ కూరగాయ కాదూ? మాగాయ, దొండకాయ వేపుడు, పల్లీలు జల్లిన బెండకాయ వేపుడు, అన్నీ తోటలో కాసినవే. పళ్ళెంలో సగం నూనె తేలుతూ నిండిపోయింది. ఇన్ని పచ్చళ్ళు ఉత్తినే తినలేం కదా, నంజుకోవడానికి తోడు ఏదన్నా ఉండాలి. దిబ్బరొట్టె వేయించుకున్నాడు, మందంగా, అంచులు ఎర్రగా కాలేదాకా నూనె పోసి.

పళ్ళు కూడా తినమన్నారు. ఎండాకాలం. నూజివీడు నుంచి చిన్నరసాలు బుట్టల్లో దిగాయి. బకెట్లో నీళ్ళు పోసి, కాయలు నానేసి, బాల్కనీలో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటే టెంకల గుట్ట లేచేది. "పళ్ళేగా, మంచిదే" అనేవాడు మూతి తుడుచుకుంటూ.

నడక సంగతీ మరవలేదు. సాయంత్రం కృష్ణ గట్టుదాకా నడిచేవాడు. గట్టు మొదట్లో పునుగుల బండి ఉంది. నడిచి అలిసిపోయిన మనిషి, పైగా అన్నం తినని మనిషి, ఒక పొట్లం తినకపోతే కళ్ళు తిరగవూ? గుళ్ళో పులిహోర పెడితే కళ్ళకద్దుకుని తిన్నాడు. ప్రసాదాన్ని కాదంటే పాపం. పులిహోరలో ఉన్నది అన్నమేనని గుర్తుచేసే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

పద్మావతమ్మ ఒకరోజు తెగించింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన బొమ్మ చూసి, సొరకాయ కూర, తోటకూర పప్పు, ఉడికించిన గుడ్డు, కప్పుడు అన్నం, పలచని మజ్జిగ పెట్టి ముందుంచింది. పున్నయ్య పళ్ళెం పక్కకు నెట్టేశాడు.

"నేనిక్కడ తపస్సు చేస్తుంటే నువ్వు అన్నం తెచ్చి ముందు పెడతావా? నా ఒట్టు చెడగొట్టడానికే పుట్టావా?"

"ఆ అమ్మాయి ఇలాగే తినమందిగదండీ."

"ఆ అమ్మాయి వయసెంత, నా అనుభవమెంత? రొట్టె వెయ్యి."

ఆవిడ రొట్టె వేసింది. వెయ్యకపోతే ఇంట్లో ఆ పూట యుద్ధం. పాతికేళ్ళ కాపురంలో ఆవిడ నేర్చుకున్న జాగ్రత్త అదొక్కటే. అది తప్పని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు.

ఊళ్ళో పున్నయ్య పేరు మోగిపోయింది. చెల్లెలి కోసం అన్నం త్యజించిన అన్న అని అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టారు. సంఘం వాళ్ళు శాలువా కప్పారు. ఆయన గద్గద స్వరంతో రక్తసంబంధం గురించి మాట్లాడాడు. సభ అయ్యాక మిరపకాయ బజ్జీలు పంచితే, అందరూ బలవంతం చేశారని రెండుసార్లు తీసుకున్నాడు. మంచంలో ఉన్న చెల్లెలు ఫోన్ చేసి "జాగ్రత్తగా తింటున్నావా అన్నయ్యా?" అని అడిగితే, "ఒక్క మెతుకు ముడితే ఒట్టే" అనేవాడు. శ్రీదుర్గ అటువైపు ఏడ్చేది. తన వల్ల అన్న పస్తులుంటున్నాడని ఆ పిచ్చితల్లి బాధ.

ఒక ఆదివారం చెల్లెల్ని చూడ్డానికి గన్నవరం వెళ్ళాడు. సుస్మిత భోజనం చేస్తోంది. పళ్ళెంలో సగానికి బీరకాయ కూర, కీరా ముక్కలు, ఒక పక్కన పప్పు, పెరుగు, ఇంకో పక్కన కాస్త అన్నం. పున్నయ్యకు ఒళ్ళు మండింది.

"మీ అమ్మ కోసం నేను అన్నం మానేసి శల్యమవుతుంటే నీకు ముద్ద ఎలా దిగుతోందే?"

సుస్మిత తలెత్తి మేనమామ పొట్ట వైపు ఒకసారి చూసింది. "కొంచెమే మావయ్యా" అని మళ్ళీ తినడంలో పడింది. ఈ కాలం పిల్లలకు మనసనేది లేదని పున్నయ్య దారి పొడుగునా కారు డ్రైవరుకు చెబుతూనే ఉన్నాడు. దారిలోనే ఒకచోట ఆగి మినపట్లు తిన్నాడు.

గడువు దగ్గరపడింది. శ్రీదుర్గ పొట్టలో నీరు చేరింది. మాట తడబడుతోంది. ఇంక ఆగడానికి లేదని పున్నయ్యకు మళ్ళీ స్కాను తీశారు. ఆయన విభూతి రేఖలు పెట్టుకుని పెళ్ళికొడుకులా వచ్చాడు. కిరీటి, సుస్మిత కూడా ఉన్నారు. డాక్టరు కాగితం చూసి కళ్ళద్దాలు తీశాడు.

"బరువు పెరిగారండీ. కొవ్వు కూడా పోయినసారి కంటే ఎక్కువైంది."

"మీ మిషనులో ఏదో తేడా ఉంది" అన్నాడు పున్నయ్య. గొంతు లేచింది. "రెండు నెలలుగా అన్నం ముట్టనివాడికి కొవ్వెలా వస్తుందండీ? ఊరంతా సాక్ష్యం!"

సాయిశ్రీని పిలిపించారు. ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. "నిన్న పొద్దుట్నుంచీ నోట్లో వేసుకున్నవన్నీ చెప్పండి సార్. అన్నం వదిలెయ్యండి, మిగతావి చెప్పండి."

పున్నయ్య ఏకరువు పెట్టాడు. దాచడానికి ఆయన దగ్గర ఏమీ లేదు, సిగ్గుపడాల్సిన సంగతేదీ ఉందని ఆయనకు తెలియదు. ఇడ్లీలు, నెయ్యి, కారప్పొడి. దిబ్బరొట్టె. పచ్చళ్ళు. మామిడిపళ్ళు. మధ్యాహ్నం మళ్ళీ రొట్టె. సాయంత్రం పునుగులు. రాత్రి చపాతీలు, కుర్మా, పాలు. శనివారమైతే పూరీలు.  ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే పున్నయ్య కోప్పడి బయటపడేవాడు. కిరీటి నెత్తి పట్టుకుని కిందకు చూస్తున్నాడు. తన గొంతు తనకే వినబడుతుంటే, పూరీల దగ్గరకు వచ్చేసరికి పున్నయ్య మాట నెమ్మదించి ఆగిపోయింది. ఇది కూడా తిండేనేమో అన్న అనుమానం యాభై ఏళ్ళకు దగ్గరపడిన ఆ మనిషికి మొదటిసారి కలిగింది.

"ఇప్పుడెట్లా?" అన్నాడు డాక్టరు వంక చూసి. "ఇంకో నెల... ఇంకో పదిహేను రోజులు టైమివ్వండి. గాలి పీల్చి బతుకుతాను."

"ఆవిడకు అంత టైము లేదండీ."

అప్పుడు సుస్మిత నోరు విప్పింది. "నా రిపోర్టు కూడా చూడండి డాక్టర్."

అందరూ ఆమె వైపు తిరిగారు. హాస్టలు బిర్యానీలతో, కూల్‌డ్రింకులతో ఆ పిల్ల లివరుకు కూడా కొవ్వు పట్టే ఉందని, మొదటి పరీక్షలోనే తేలిందని పున్నయ్యకు తెలియదు. ఆయన ఒట్టు పెట్టుకున్న రోజు సాయంత్రమే ఆమె ఒక్కతే సాయిశ్రీ దగ్గరకు తిరిగొచ్చి, బొమ్మలో ఉన్నది ఉన్నట్టు ఎలా తినాలో అడిగి తెలుసుకుంది. రెండు నెలలు అలాగే తిన్నది. ఇంట్లో వండినవే, అన్నంతో సహా. తల్లికి చెప్పలేదు. రిపోర్టులో కొవ్వు కరిగి శుభ్రంగా ఉంది.

"అంటే నా మీద నమ్మకం లేకనా?" అన్నాడు పున్నయ్య.

"లేకే మావయ్యా" అంది సుస్మిత. కోపంగా అనలేదు. "సాయిశ్రీ గారిని మాట పూర్తి చెయ్యనివ్వలేదు నువ్వు. అప్పుడే నాకు భయమేసింది."

అన్న ఏమేం తిన్నాడో, ఇప్పుడు లివరు ఎవరిస్తున్నారో తల్లికి చెప్పినప్పుడు జరిగిన రభస రాయడానికి నాకు మనసొప్పడం లేదు. శ్రీదుర్గ ఒప్పుకోలేదు, మందులు విసిరికొట్టింది, తడబడే నాలుకతోనే కూతుర్ని తిట్టింది. చివరికి స్పృహ తప్పేముందు వేలిముద్ర వేసినట్టు బలహీనంగా తలూపింది. తల్లినీ కూతుర్నీ ఒకే పొద్దున పక్కపక్క గదుల్లోకి తీసుకెళ్ళారు. సాయంత్రానికి ఇద్దరూ బతికి బయటికొచ్చారు. ఆ పగలంతా పున్నయ్య ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, ఆ ఒక్క మాట ఒప్పుకోవాలి. తినమని ఎవరూ అనలేదు, ఆయనకూ గుర్తు రాలేదు.

ఏడుపు నిజమే, కానీ మనిషి మారడానికి ఏడుపు ఒక్కటే చాలదు. వర్షాలు వెనకబట్టాక, డాక్టర్లు సరేనన్నాక, బంధువులు ఒకరిద్దరు చొప్పున గన్నవరం వచ్చి తల్లీకూతుళ్ళను చూసి పోవడం మొదలుపెట్టారు. ఒకరోజు పున్నయ్య కూడా ఉండగా మైలవరం పెద్దమ్మ, ఆవిడ కోడలు వచ్చారు. మూతికి మాస్కు కట్టుకుని పడక్కుర్చీలో ఉన్న శ్రీదుర్గను వదిలి, పెద్దమ్మ పున్నయ్య వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"అన్నంటే నువ్వేరా. చెల్లెలి కోసం రెండు నెలలు మెతుకు ముట్టకుండా ఉన్నావట. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు? నీ పుణ్యానే అది బతికింది."

పున్నయ్య కాదనొచ్చు. ఒక్క మాట చాలు. కానీ తల వంచుకుని, "ఏదో, మన చేతనైంది" అన్నాడు. శాలువా కప్పినరోజు వాడిన గొంతే అది.

శ్రీదుర్గ మాస్కు కిందకు లాగింది.

"అన్నయ్యా" అంది. గొంతు ఇంకా పూర్తిగా కోలుకోలేదు, అయినా గదిలో అందరికీ వినబడింది. "నేను నీ ప్రాణం అడగలేదు. అన్నం మానమనీ అడగలేదు. రెండు నెలలు కాస్త సరిగ్గా తినమన్నారంతే. నువ్వది చెయ్యలేదని నా కూతుర్ని కోశారు. పెద్దమ్మకు చెప్పేటప్పుడు అది కూడా చెప్పు."

పెద్దమ్మ జోడించిన చేతులు మెల్లగా కిందకు దిగాయి. పున్నయ్య మేనకోడలి వైపు చూశాడు. ఆ పిల్ల వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర మోడా మీద కూర్చుని ఉంది. వాతావరణం తేలిక చేద్దామని నవ్వబోయింది గాని, కుట్లు పడ్డ చోట లాగినట్టుంది, పొట్ట మీద చెయ్యి అదిమిపెట్టుకుని అలాగే ఉండిపోయింది.